బావ చేతికర్ర పిడి

అక్కా,

బావ చేతికర్ర వేరేవాళ్ల చేత పంపుతున్నాను. నేనే రావాల్సింది, ముఖం చెల్లక రాలేదు.

స్నానాల గదిలో నేల తడిగా ఉండి పడ్డానని బావ చెప్పాడట. నేల తుడవలేదని నిన్ను నువ్వే తిట్టుకుంటున్నావట. తిట్టాల్సింది నన్నక్కా.

పోయిన నెల ఆ అల్యూమినియం కర్ర వంగిందని, సరిచేయమని ఇచ్చారు. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? పిడి మీది గరుకు గీతల్లో మురికి చూసి నా చేతులు ఊరుకోలేదు. అల్యూమినియం కనబడితే అద్దంలా చేయందే నాకు నిద్రపట్టదు కదా. మిషన్ మీద ఆ గీతలన్నీ అరగదీసి, ఎమరీ కాగితంతో నున్నగా రుద్ది, పాలిష్ చక్రం మీద మెరిపించాను. పట్టు కోసమే ఆ గీతలు పెడతారన్న ఇంగితం నాకు లేకపోయింది.

"ముఖం చూసుకో బావా!" అని అందరి ముందూ గొప్పలు పోయాను. బావ బొటనవేలితో పిడిని ఒకసారి తడిమి, "బాగుందోయ్" అన్నాడు. ఆయనకి అప్పుడే తెలిసిపోయింది. నేను చిన్నబుచ్చుకుంటానని ఊరుకున్నాడు.

పడినప్పుడు సొట్ట పడిందని నువ్వు కర్రని మళ్లీ నాకే పంపావు. తడిచేత్తో పట్టుకుని చూశాను, సబ్బుముక్కలా జారింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఈసారి మిషన్ ముట్టుకోలేదు. ఆకురాయితో, చేత్తోనే మళ్లీ గీతలు పెట్టాను. మెరుపు పోయింది, పోనీ.

ఎలా ఉందని బావని మాత్రం అడక్కు. బాగుందనే అంటాడు. నువ్వే చెయ్యి తడుపుకుని పట్టుకుని చూడు.

నీ తమ్ముడు