బొంత లోపలి వైపు

అమ్మకు,

నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. నువ్వూ అక్కా కూడా క్షేమమని తలుస్తాను. నిన్న ఫోన్లో నాన్న అరిచిన అరుపు విన్నాక ఆయన క్షేమం గురించి విడిగా అడగనక్కర్లేదనిపించింది. ఫోనంతా ఆయనే మాట్లాడేస్తారని నువ్వు ఉత్తరంలో అడిగిన ప్రశ్నలకి ముందు జవాబులు రాస్తాను. ఆ తర్వాత నీ అనుమతి ఒకటి కావాలి. ఉత్తరం మధ్యలో "అయ్యో రాత" అనకుండా చివరిదాకా చదువు. కాగితానికి అడ్డుపడలేవన్న ధైర్యంతోనే రాస్తున్నాను.

తింటున్నాను. అద్దం కూడా అదే మాట అంటోంది.

"మ్యూజియంలో నీ చేత చదివిస్తున్నారా, తుడిపిస్తున్నారా?" అని అడిగావు. రెండూ ఒకటేనట. కళలూ సంస్కృతీ చదివేవాళ్ళు సగం రోజులు క్లాసులో, సగం రోజులు పనిలో ఉండాలని మా కాలేజీ నియమం. నన్ను బట్టల గదిలో వేశారు. మొన్న ఎవరిదో పాత టోపీని మెత్తటి బ్రష్షుతో పొద్దస్తమానం దులిపాను. "నీ మంచం కింద ఒక్కసారైనా ఊడ్చావురా?" అని నువ్వు అంటావని తెలుసు. అందుకే నేనే ముందు అనేస్తున్నాను. ఇక్కడికి కొత్తగా ఏ బట్ట వచ్చినా ముందు సంచిలో చుట్టి ఫ్రీజర్లో పడేస్తాం, పురుగులుంటే చావాలని. రాజుగారి శాలువా అయినా సరే, మినహాయింపు లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

చదువయ్యాక వీడేమవుతాడని పక్కింటి పిన్నిగారు అడుగుతున్నారన్నావు. పాతబట్టల వాడవుతాడని చెప్పు. అబద్ధమాడిన పాపం కూడా ఉండదు.

ఇక మిగిలిన ప్రశ్న. "చలి ముదిరిందట, బొంత కప్పుకుంటున్నావా?"

అమ్మా, కూర్చునే చదువుతున్నావు కదా?

కప్పుకోవడం లేదు. బొంత నా గదిలో లేదు. మ్యూజియం గోడ మీద ఉంది.

జరిగింది చెప్తాను. ఇంట్లో చేత్తో చేసిన వస్తువొకటి తెచ్చి, అదెవరు చేశారో తెలియనట్టు, కంటికి కనబడేది మాత్రమే రాయమన్నారు మా గది మేడం. ఆవిడ నవ్వడం ఎవరూ చూడలేదని ఇక్కడ ప్రతీతి. నా దగ్గరున్న చేతిపని నీ బొంతొక్కటే. తీసుకెళ్ళాను. మూడు రోజులు ఫ్రీజర్లో ఉండి వచ్చింది. నీ శుభ్రత మీద అనుమానంతో కాదు, రాజుగారి శాలువా సంగతి పైన చెప్పాను.

బల్ల మీద నీలం వైపు పైకి పెట్టి పరిచాను, నువ్వు నేర్పినట్టే. మేడం అంచు పట్టుకుని తిరగేశారు.

"ఇదేంటయ్యా?"

"అది లోపలి వైపు మేడం. అతుకులు. నలుగురికీ చూపించొద్దని మా అమ్మ చెప్పింది."

"ఇన్నేళ్ళూ తల్లకిందులుగా కప్పుకున్నావన్నమాట. కూర్చో. చూసి రాయి."

కూర్చున్నాను. చిన్నప్పట్నుంచీ దాని కిందే పడుకున్నా దాన్నెప్పుడూ చూడలేదమ్మా. ఒక చివర అక్క స్కూలు గౌను, అమ్మమ్మ పూల దుప్పటి. అక్కడ కుట్లు చీమల బారులా ఎంత సన్నగా, ఎంత దగ్గరగా ఉన్నాయో! మధ్యకి వచ్చేసరికి నా పసిచొక్కా, పక్కన నాన్న చారల పైజామా. అక్కణ్ణుంచి కుట్లు బారెడేసి. ఒకటి తూర్పుకి పోతే ఒకటి పడమరకి. ఒకచోట దారం తెగితే ముడేసి వదిలేశావు. ఉన్నదున్నట్టే రాశాను: "ఈ ముక్క దగ్గర కుట్టేవాళ్ళకి తీరిక పోయింది. కారణం చొక్కా సొంతదారుడు కావచ్చు."

మేడం అది చదివి, మళ్ళీ వంగి నా పసిచొక్కా దగ్గరి కుట్లు చూశారు. తర్వాత బొంతని కొత్త ప్రదర్శనలో పెడదామన్నారు. మీ అమ్మ ఒప్పుకుంటే ఎప్పటికీ ఉంచుకుంటామన్నారు. ఎలా ఉంటుందో చూడ్డానికి వేలాడదీశాం. అతుకులే బయటికి. నిన్నడగకుండా ఇంతవరకూ తెచ్చాను, అదే నేను చేసిన తప్పు. ఆ చారలు చూపుని మధ్యకి నడిపిస్తున్నాయని మేడం మా అందరికీ పాఠం కూడా చెప్పారు. నాన్న పైజామా వల్ల ఒక క్లాసు క్లాసంతా దారిన పడింది. ఈ వార్త ఆయనకి అన్నం తిన్నాక చెప్పు.

చిక్కు వస్తువు కింద అంటించే చీటీ దగ్గర వచ్చింది. ఆ గదిలో ప్రతి వస్తువు కిందా "చేసినవారు: తెలియదు" అని ఉంటుంది. ఇళ్ళ నుంచి వచ్చేవాటికి అలాగే రాస్తారట. నన్నూ రాయమన్నారు. పెన్ను కింద పెట్టేశాను.

"నాకు తెలుసు మేడం. పోయిన వారమే ఉత్తరం రాసింది, మేజోళ్ళు వేసుకుంటున్నావా లేదా అని."

మేడం నవ్వారు. సాక్షులున్నారు. "అయితే ఆవిడనే అడుగు. పేరు వెయ్యాలన్నా, గోడ మీద ఉంచాలన్నా ఆవిడ ఊ అనాలి" అన్నారు. అప్పటిదాకా చీటీలో ఆ చోటు ఖాళీగా ఉంటుంది.

నీకు సిగ్గనిపిస్తే వద్దని రాయి. ఆ రోజే దించేసి, నీలం వైపు పైకి పెట్టుకుని, బుద్ధిగా కప్పుకుంటాను. నిష్ఠూరం లేదు, పైగా వెచ్చగా ఉంటుంది. సరేనంటే మాత్రం నీ పేరు, మొత్తం పేరు, నీ చేత్తో రాసి పంపు. మన గుమ్మం మీద నాన్న పేరే, కరెంటు బిల్లు మీదా నాన్న పేరే. ఒక్క గోడ మీదన్నా నీది ఉండనీ. నాకైతే ఉంచాలనే ఉంది. రోజూ దాని ముందునుంచే పనికి వెళ్తున్నాను, అడుగు దానంతటదే నెమ్మదిస్తోంది.

సరేనంటే ఇంకో బొంత మొదలుపెట్టాలి మరి. ప్రస్తుతం రెండు చొక్కాలూ ఒక తువ్వాలూ కప్పుకుని పడుకుంటున్నాను. ఈసారి ఎన్నాళ్ళు పట్టినా పట్టనీ, సన్నగా కుట్టు. మధ్యలో లేచి ఎత్తుకోవాల్సిన పని లేదు, నేను ఏడుపు మానేసి చాలా కాలమైంది.

ఇట్లు,
బారెడు కుట్ల కాలంలో పుట్టిన
నీ కొడుకు