ఎడమ పెట్టె తేలికైంది

తమ్ముడూ, నాకు డ్యూటీకి టైమైపోతోంది. స్టీలు క్యాన్‌లో పంచదార నీళ్లు కలిపి పెట్టాను. చీకటి పడేలోపు మేడమీద తేనెటీగల పెట్టెలు రెండింట్లోనూ పొయ్యి, ఎడమదాంట్లో కాస్త ఎక్కువ పొయ్యి. సెంటు కొట్టుకుని వెళ్లకు. పోయినసారి అలాగే కుట్టించుకుని ఇల్లు పీకి పందిరేశావు. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెల్లో ఆకులు పడితే చీమలు వాటి మీదుగా ఎక్కేస్తున్నాయి, తీసెయ్.

పూలకాలంలో 'మా తేనె' అంటూ ఆఫీసంతా సీసాలు పంచింది నువ్వు. వాన మొదలయ్యాక గొడుగేసుకుని మెట్లెక్కుతున్నది నేను. వానాకాలానికి రెండు తేనెపట్లు ఆ ఈగలకి వదలరా అని అమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. "మళ్లీ పెట్టుకుంటాయిలే" అన్నావు. నేనూ ఆరోజు వేళ్లు నాక్కుంటూ ఊరుకున్నాను. నిన్న ఎడమ పెట్టె ఎత్తి చూస్తే ఖాళీ అట్టపెట్టెలా లేచింది. లోపల చప్పుడు కూడా సన్నబడింది. నాకింక కోప్పడే ఓపిక కూడా లేదురా. ఈ ఒక్క పనీ మరిచిపోకు.

అన్నట్టు, టీలోకి పంచదార కోసం డబ్బాలన్నీ వెతక్కు. ఉన్నదంతా వాటికే కలిపేశాను. నేనూ చప్పటి టీయే తాగి వెళ్తున్నాను.