మీ బావ వేలు, నా ఆమెన్

తమ్ముడికి,

ఎండలోనూ దుమ్ములోనూ నిన్ను కాపాడుతున్న దేవునికి ముందుగా స్తోత్రం చెప్పి, ఆ తర్వాతే కలం పట్టాను. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మీ బావ మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లు దిగేటప్పుడు మోకాలు మూలుగుతుంది, ఎక్కేటప్పుడు మీ బావ మూలుగుతాడు, అంతే తేడా. కుట్టుమిషను ముందు కూర్చుంటే మాత్రం ఆ కాలికి ఏ జబ్బూ గుర్తుండదు.

నీ ఉత్తరంలో ఇంకో రెండు ప్రశ్నలున్నాయి. నా స్లైడ్లు చివరి వరసకు కనబడ్డాయా అన్నది ఒకటి. ఫోన్ చేస్తే ఎందుకు ఎత్తడం లేదన్నది ఇంకొకటి. మొదటిదానికి జవాబు రాయడానికి చెయ్యి ఉరకలు వేస్తోంది. రెండోది కాస్త ఆగనీ.

సంగతి నీకు తెలిసిందే అయినా మళ్లీ చెబుతాను, చెబితే గానీ నా కడుపుమంట చల్లారదు. మా ఆసుపత్రి గేటు ముందున్న బస్సు స్టాపును ఎత్తేసి వంతెన అవతలికి మారుస్తామని రవాణా కార్యాలయం వాళ్లు నోటీసు అంటించారు. బస్సులు ఆగితే కార్లకు అడ్డమట. నేను పనిచేసే డయాలసిస్ వార్డులో రక్తం శుభ్రం చేయించుకుని లేచినవాళ్లకు గేటు దాకా నడవడమే గగనం. వాళ్లు వంతెనెక్కి, దిగి, అవతల బస్సు పట్టుకోవాలట. అభ్యంతరాలుంటే కమిటీ ముందుకొచ్చి చెప్పుకోవచ్చన్నారు. వార్డంతా నావైపే చూసింది. “ఉరుములమ్మా, నువ్వే వెళ్లాలి” అన్నారు. ఆదివారాలు మైకు లేకుండా వాక్యం చెప్పే నా గొంతుకు వాళ్లు పెట్టిన పేరది.

“ఊరికే మాట్లాడితే వినరు, వింటున్నట్టు తలలూపుతారు. స్లైడ్లు కావాలి” అంటూ మా హెడ్ నర్సు నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. వాక్యమే ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నదాన్ని, ఇదెంత అనుకున్నాను. నీలం రంగు మీద ఎర్రక్షరాలు పోశాను. ఒక్కో అక్షరం వానచినుకులా జారిపడేలా చేశాను. మూలన ఒక పావురాన్ని ఎగరేశాను. రోగుల కష్టం, కార్యాలయం వాళ్ల పాపం, తీర్పు దినం, అన్నీ ఒక్క స్లైడులోనే పట్టాయి. అది ప్రింటు తీసి నీకు పంపితే నువ్వేం రాశావు? “అక్కా, ఇది బోర్డు కాదు, బస్తా. అన్నీ కుక్కి మూతి కుట్టేశావు. నేను హైవే మీద బోర్డులు రాసేవాణ్ణి. చదివేవాడు నా కోసం బండి ఆపడు. ఒక బోర్డుకు ఒకటే సంగతి. మిగతాది నీ నోటితో చెప్పు. తెర మీద ఉన్నదే మళ్లీ చదివి వినిపించావంటే, వాళ్లకు చదువు రాదని నువ్వనుకున్నట్టే.”

ఒళ్లు మండింది. నీ ఉత్తరాన్ని మడిచి మీ బావ గుడ్డముక్కల సంచిలో పడేశాను. మర్నాడు బైబిలు తెరిచాను కదా, ఏ పేజీ వచ్చిందనుకున్నావు? చూసిన దర్శనాన్ని పలకల మీద విడమరిచి రాయి, పరుగెత్తేవాడు కూడా చదవగలగాలి అని దేవుడు తన ప్రవక్తకు చెప్పిన చోటు. నా తమ్ముడి మాటే, దేవుడు ముందే చెప్పి ఉంచాడు. కొన్ని పేజీలు వెనక్కి తిప్పాను. రాజుగారి విందులో గోడ మీద వేళ్లు రాసిన ఘట్టం. ఆ చెయ్యి పేరాలు రాసిందా? నాలుగు మాటలు రాసింది. రాజు మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. అక్షరాలు చినుకుల్లా జారాయా? పావురం ఎగిరిందా? సంచిలోంచి నీ ఉత్తరం తీసి ఇస్త్రీ చేసుకున్నాను.

అప్పుడు కోత మొదలుపెట్టాను. తెల్లటి తెర, నల్లటి అక్షరాలు. ఒక స్లైడుకు ఒక మాట. తీర్పు దినం పోయింది. కార్యాలయం వాళ్ల పాపం పోయింది, అది తీసేటప్పుడు మాత్రం పన్ను పీకినట్టయింది. చివరికి పావురాన్ని కూడా నిజంగానే ఎగరేశాను. ఒక ఫొటో పెట్టాను: మా రోగి ఒకామె చెయ్యి, మోచేతి దగ్గర కట్టు, వంతెన రెయిలింగును పట్టుకుని ఉంది. మొహం లేదు, చెయ్యి చాలు. దాని కింద ఒకటే వాక్యం: “బస్సు ఎక్కగలం. వంతెన ఎక్కలేం.”

స్లైడ్లు మార్చే పని మీ బావకిచ్చాను. “ఎప్పుడు నొక్కాలి?” అన్నాడు. “నేను ఆమెన్ అన్నప్పుడు” అన్నాను. ప్రార్థన హాల్లో తెరగా దుప్పటి కట్టి సాధన చేశాం. నేను ఆమెన్ అన్నాను, మీ బావ నొక్కాడు. అలవాటు ప్రకారం సంఘమంతా ఆమెన్ అంది, మళ్లీ నొక్కాడు. వెనక బెంచీ తాతయ్య ఆలస్యంగా అందుకుని ఆమెన్ అన్నాడు, ఇంకోటి నొక్కాడు. నేనింకా రోగుల కష్టం చెబుతూనే ఉన్నాను, తెర మీద “ధన్యవాదాలు” వచ్చేసింది.

“ఏవండీ, లోకంలో ఎవరు ఆమెన్ అన్నా నొక్కేయడమేనా?”

“నువ్వే కదే చెప్పావు, ఆమెన్ అంటే నొక్కమని.”

“నాది. ఒక్క నా ఆమెన్‌కే.”

“సరే. ఇక దేవదూత వచ్చి అన్నా నొక్కను.”

నవ్వి నవ్వి హాలంతా అలిసిపోయింది. కానీ నీ మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది. ఆ తాతయ్యే వెనక బెంచీ నుంచి కళ్లద్దాలు తీసేసి ప్రతి అక్షరం చదివాడు.

ఇక కమిటీ రోజు. పొడుగాటి బల్ల, నీళ్ల సీసాలు, అందరి చేతుల్లో ఫోన్లు. మధ్య కుర్చీలో అధికారి మేడమ్. నేను మొదలుపెట్టాను. మొదటి స్లైడు, ఆమెన్. రెండోది, ఆమెన్. ఫోన్లు ఒక్కొక్కటే బల్ల మీద బోర్లా పడుతున్నాయి. మూడోది, ఆ చెయ్యి. నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు.

నీ రెండో ప్రశ్నకు జవాబు ఇదే, తమ్ముడూ. నా గొంతులో చిన్న కాయలు లేచాయి. ఆ నోటీసు రాకముందే డాక్టరు చెప్పాడు, కొన్నాళ్లు అసలు మాట్లాడొద్దని, ఆ తర్వాత కూడా పాత గొంతు వస్తుందని మాటివ్వలేనని. సాధనకు వాడింది పోగా ఉన్న కాస్త గొంతునూ కమిటీ కోసం దాచుకున్నాను. ఫోనెత్తితే నువ్వు “అక్కా” అనకముందే పట్టేస్తావని ఎత్తలేదు. గొంతు సగంలో మోసం చేస్తే ఆ తెరైనా మాట్లాడాలని అంతగా చెక్కుకున్నాను. నీకు చెబితే పని వదిలేసి వస్తావని భయపడ్డాను. కోప్పడు, కానీ ముందు మిగతాది చదువు.

నేను ఆమెన్ అనలేను. మీ బావ నొక్కడు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదుగా, వేలు మీట మీద పెట్టుకుని రాయిలా కూర్చున్నాడు. ఆ చెయ్యి తెర మీద అలాగే ఉండిపోయింది. నేను చెప్పదలచుకున్న ప్రసంగం మొత్తం ఆ నిశ్శబ్దంలో కొట్టుకుపోయింది, అదే మేలైంది. వాళ్లకు చూడ్డానికి ఇంకేమీ లేదు. చూశారు. ఒకాయన ఆ వాక్యాన్ని గొణుక్కుంటూ చదివాడు. ఇంకొకాయన తన మోచెయ్యి తడుముకున్నాడు.

మేడమ్ నా గొంతు వైపు చూసింది, నీళ్ల సీసా నావైపు జరిపింది. “ఏమ్మా, ఇందాక మీరేదో అంటే ఆయన మారుస్తున్నారు. ఆమెన్, అదేనా? నేను అనొచ్చా?” అంది. నేను జవాబిచ్చే లోపే “ఆమెన్” అంది.

మీ బావ నొక్కలేదు. నావైపు చూశాడు. నేను తలూపాను. అప్పుడు నొక్కాడు.

తర్వాతి స్లైడు: “స్టాపును ఇక్కడే ఉంచండి.”

మేడమ్ దాన్ని చదివింది. “ఇంతకీ ఆమెన్ అంటే ఏంటండీ?” అని మీ బావనే అడిగింది. పదిమందిలో నోరు విప్పని మనిషి కదా, లేచి నిలబడ్డాడు. “అలాగే జరగాలి అని, మేడమ్.”

ఆవిడ అటూ ఇటూ చూసింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. “అయితే ఇంకోసారి ఆమెన్” అని, పక్కనున్న గుమాస్తాతో “స్టాపు మార్చడం లేదని రాయండి” అంది.

బైబిల్లో దేవుడు నోరు కట్టేసిన ముసలి యాజకుడు పలక తెప్పించుకుని కొడుకు పేరు రాశాడే, ఆయన గుర్తొచ్చి బయటికొచ్చాక వెక్కి వెక్కి ఏడ్చాను. దుఃఖం కాదురా. నోరు పోయినా పలక ఉందని ఇన్నేళ్లూ చదువుతూనే ఉన్నాను, ఇప్పుడు అర్థమైంది. వచ్చే ఆదివారం ప్రసంగానికి స్లైడ్లు అప్పుడే మొదలుపెట్టాను. ఆమెన్ సంఘమే అంటుంది. మీ బావకు కొత్త ఆజ్ఞ ఇచ్చాను, తాతయ్య ఆమెన్ వచ్చేదాకా నొక్కొద్దని.

పని వదిలి రావద్దు. ఫోన్ చెయ్యి, ఎత్తుతాను. మాట్లాడాల్సింది నువ్వే. నేను వేలితో ఫోను మీద ఒకసారి తడతాను. అది నా ఆమెన్ అని తెలుసుకో.

ఇట్లు,
గొంతు తగ్గినా ఉరుము తగ్గని
మీ అక్క