తవ్వకుండా ఉంచిన అల్లం

మంగళవారం, రాత్రి

తమ్ముడు శీనును హిమాలయాలకు తీసుకెళ్లిన గైడ్ సాయంత్రం ఫోన్ చేశాడు. మంచుగోడ కింద శీను శవం దూరం నుంచి కనిపిస్తోందట. పైనుంచి మంచు విరిగిపడుతూనే ఉంది, మనుషుల్ని పంపలేం, వచ్చే ఏడు చూద్దామన్నాడు. అప్పటికి ఆ మంచు కదిలిపోతే ఇక దొరకడని కూడా అన్నాడు.

జహీరాబాద్ చలికే ముసుగుతన్ని పడుకునేవాడు. వాడికెందుకా కొండ?

నాన్న ఫోన్ ముట్టుకోలేదు. విన్నదంతా నేనే చెప్పాను, ఆ చివరి మాట తప్ప. ఆయన చేతులకంటిన పొలం మట్టిని గోటితో గీక్కున్నాడు.

"రేటు లేనప్పుడు అల్లం తవ్వకుంట భూమిల్నే ఉంచుతం గద బిడ్డా, మల్లొచ్చే ఏడు తీస్తం. గట్లనే అనుకుందం. ఆడ సల్లగ ఉంటది, వానికేం గాదు" అన్నాడు.

"అమ్మకేం చెప్పాలె?"

"గదే చెప్పు."

చెప్పాను. అమ్మ తలూపింది.

నిరుడు అలా ఉంచిన మడిలో సగం అల్లం కుళ్లిపోయింది. నాన్నా నేనూ గంపలతో ఎత్తి గట్టు అవతల పారబోశాం. ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.