ఎండ చూపించమంటే ఎండబెట్టిన కీరనారు

ఫిబ్రవరి మూడో ఆదివారం, రాత్రి

లక్ష్మి పెంచుతున్న కీరదోస నారు బ్రతికింది. మా ఊరికి దగ్గర్లోని కోటాలో వాళ్ళు కౌలుకు తీసుకున్న అరెకరంలో వెయ్యబోయే తొలి పంట అది; విత్తనాలు నేనే ఇచ్చాను. మధ్యాహ్నం ఊళ్ళో తోర్వా పేటలో వాళ్ళింటికి వెళ్ళేసరికి ట్రేలలోని మొక్కలన్నీ తలలు వాల్చి ఉన్నాయి. మట్టి పొడిపొడిగా ఉంది.

"నీళ్ళెందుకు పోయలేదమ్మా?"

"మీరే కదా అంకుల్, రోజూ కాసేపు ఎండబెట్టమన్నారు. రెండు రోజుల్నుంచి సుఖా రహీ హూఁ, ఎండబెడుతూనే ఉన్నాను."

నేనన్నది 'ఎండ చూపించు' అని. వాళ్ళత్తగారు నవ్వారు. "దీనికి ఎండంటే ఏటో, ఎండబెట్టడమంటే ఏటో తెలీదు బాబూ. వడియాలనుకుంది."

కాండం మొదళ్ళు వేలితో తాకి చూశాను. గట్టిగానే ఉన్నాయి, కుళ్ళు లేదు. ట్రేలను నీడకు మార్చి, అడుగునుంచి నీరు పట్టించాము. సాయంత్రానికి నాలుగు తప్ప అన్నీ నిలబడ్డాయి. ఆ నాలుగింటినీ లక్ష్మి పారేయనివ్వలేదు.

తప్పు ఆమెది కాదు. బడిలో హిందీయే చదువుకున్న పిల్లకు నేను ఎండను 'ధూప్' అని హిందీలోనే చెప్పవలసింది. ఆమె తెలుగు సంగతి సరే, ఇన్నేళ్ళుగా వ్యవసాయ సలహాదారుగా కోటా రైతులకు నా హిందీలో ఇచ్చిన సలహాలు వాళ్ళకెలా వినబడ్డాయో...