తల తిప్పే పద్ధతి

చిక్కడపల్లి,
జనవరి 19.

చిరంజీవి తన్మయికి,

నాన్న దీవెనలు. ఇక్కడ నేను, అమ్మ, బాల్కనీలో నీ కరివేపాకు కుండీ బాగున్నాం. అక్కడ లేహ్ చలిలో నీ ముక్కు, చెవులు ఉన్నచోటే ఉన్నాయని తలుస్తాను. క్యాంపులో ఫోన్లు లాక్కుని ఆదివారం పది నిమిషాలే ఇస్తారు కాబట్టి నీ ఉత్తరం వచ్చింది. లేకపోతే ఈ రోజుల్లో నీ చేతిరాత చూసే యోగం నాకెక్కడిది! అమ్మ దాన్ని పప్పు డబ్బా కింద దాచుకుని రోజుకోసారి తీస్తోంది.

అమ్మ మోకాలి గురించి అడిగావు. మెట్లు దిగేటప్పుడే నొప్పి, ఎక్కేటప్పుడు లేదట. నారాయణగూడలో డాక్టరుకు చూపించాం, బరువు తగ్గమన్నాడు. అప్పటి నుంచి అమ్మ ఆయన్ని తిడుతోంది. కురుమమ్మ అడుగుతోందా అన్నావు. అడగకుండా ఉంటుందా? అశోక్ నగర్‌లో నేను వార్డెన్‌గా ఉన్న హాస్టల్ ఎదుటే కదా ఆమె టీ బండి. గ్రూప్స్ రాసే పిల్లలందరి మార్కులూ నోటికి చెప్తుంది, నీ ఐస్ హాకీ మాత్రం ఆమె బుర్రకెక్కదు. "ఐస్ మీద జారుకుంట ఆడుడు ఏంది గోవర్ధనన్నా? గా పోరిని తీస్కపోయి ఫ్రిజ్జుల వెట్టినవా ఏంది?" అని నిన్న కూడా అంది.

నా ఆట సంగతులు రాయమన్నావు, తోటి అమ్మాయిలకు చెప్పుకోవడానికి. గొప్పేముంది బిడ్డా. పదమూడేళ్లలో తొమ్మిది జట్లు. ఇందిరా పార్కు దగ్గర చక్రాల స్కేట్లు కట్టుకుని మొదలుపెట్టినవాణ్ణి. డెహ్రాడూన్, లేహ్, దుబాయ్, బ్యాంకాక్, ఆ తర్వాత పేరు పలకడం ఇప్పటికీ రాని చలిదేశపు ఊళ్లు. ఏదో ఒక జట్టు గోల్‌కీపర్‌కు దెబ్బ తగిలితే నాకు ఫోను, అతను కోలుకోగానే నేను సంచి సర్దుకోవడం. ఆడిన రోజులకన్నా బెంచి చివర కూర్చుని ఆటగాళ్లకు ఐస్ మీదికి వెళ్లే తలుపు తీసి వేసిన రోజులే ఎక్కువ. రెండో గోల్‌కీపర్ పని అది. దానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు.

సిగ్గుపడాల్సింది వేరే ఉంది. నీ మూడో ప్రశ్న చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

"నాన్నా, గోల్ కాసేటప్పుడు బిళ్ల ఎత్తుగా వస్తే నేను తల తిప్పి కళ్లు మూసుకుంటున్నానట. నేను పుట్టుకతోనే పిరికిదాన్నని కోచ్ సార్‌కు ఎవరో చెప్పారట. నాకు నిజంగా భయమా నాన్నా? ఇరవై అయిదున ఇండియా జట్టు పేర్లు పెడతారు. ఇలాగే ఉంటే ఇంటికి పంపేస్తామన్నారు" అని రాశావు.

ముందు నా భుజం సంగతి చెప్తాను. నా ఆట భుజం దెబ్బతో ఆగిందని నీకూ, అమ్మకూ, చిక్కడపల్లి అంతటికీ చెప్పాను. భుజానికి ఏమీ కాలేదు. ఏడో జట్టుకు ఆడుతున్నప్పుడు ఒకడు కొట్టిన బిళ్ల నా ముఖం మీది జాలీని విరగ్గొట్టి కనుబొమ్మలో దిగింది. గట్టి రబ్బరు, రాయితో సమానం. ఏడు కుట్లు. గాయం మానింది కానీ ఆ రోజు నుంచి బిళ్ల పైకి లేచిందంటే చాలు, నా తల దానంతటదే ఎడమకు తిరిగేది, కళ్లు మూతపడేవి. దాచుకున్నాను. ఎన్నాళ్లు దాగుతుంది? "ఎత్తుగా కొట్టండి, వాడు చూడడు" అనే మాట నాకన్నా ముందే ఊళ్లు తిరిగింది. తొమ్మిదో జట్టు తర్వాత ఇంకెవరూ పిలవలేదు.

ఇంటికొచ్చి భుజానికి పట్టీ కట్టుకున్నాను. మీ అమ్మ రెండేళ్లు నువ్వుల నూనె కాచి రాసింది.

ఇక నీ విషయం. నీకు తొమ్మిదేళ్లప్పుడు మన మేడ మీద టెన్నిస్ బంతులతో ఆడించేవాణ్ణి, గుర్తుందా? బంతి సూటిగా వచ్చి మాస్కుకు తగిలితే నువ్వు కిలకిలా నవ్వి "ఇంకోటి ఎయ్ నాన్నా, జర గట్టిగ!" అనేదానివి. కళ్లు ఇంతేసి తెరుచుకుని చూసేదానివి. అప్పుడు నేనే అన్నాను: "అట్ల కాదు బిడ్డా, తల పక్కకు తిప్పు. పెద్ద పెద్దోళ్ల పద్ధతి ఇదే. మెడకు దెబ్బ తాకది." అలా ఏ ఆటగాడూ చెయ్యడు. పద్ధతి కాదు అది, నా భయం. నీకు దెబ్బ తగులుతుందన్న బెంగ సగం. మిగతా సగం రాయడానికి చెయ్యి రావడం లేదు. నావల్ల కానిది నువ్వు నవ్వుతూ చేస్తుంటే ఓర్వలేకపోయాను. కన్నబిడ్డ మీద ఓర్వలేనితనం. ఛీ, నేనేం తండ్రిని!

ఇది కూడా మొత్తం కాదు తల్లీ. మూడు వారాల కిందట మీ కోచ్ సార్ నాకు ఫోన్ చేశారు. హాస్టల్ మెస్‌లో పిల్లలకు అన్నం వడ్డిస్తున్నాను. "ఈ తల తిప్పే అలవాటు ఎవరు నేర్పారు?" అని అడిగారు. నేర్పినవాణ్ణి నేనే. "బచ్‌పన్ సే థోడీ డర్‌పోక్ హై సార్" అన్నాను. చిన్నప్పటి నుంచీ కాస్త పిరికిదని. ఆ "ఎవరో" నేనే. ఫోను పెట్టేసి మళ్లీ గరిటె పట్టుకున్నాను.

నిన్న మీ అమ్మకు అంతా చెప్పాను. భుజం మాట విని ఆమె ఆశ్చర్యపోలేదు. "నాకెర్కే. ఒకనాడు కుడి భుజం సూపిస్తివి, ఇంకోనాడు ఎడమ. మొగోనికి ఇజ్జత్ ఉంటది గదా అని ఊకున్న" అంది. ఆ తర్వాత మాత్రం పొయ్యి ఆర్పేసి నా ముందు కూర్చుంది. "నా తాన దాస్తే దాస్తివి. గది బిడ్డ మీద ఎందుకు వెట్టినవయ్యా?" అంది.

నువ్వు పిరికిదానివి కాదు తన్మయీ. నీ భయం నీది కాదు, నేను పెట్టింది. పోగొట్టుకునే దారి నాకు తెలుసు, నేనే పాటించలేదు. టెన్నిస్ బంతులు తీసుకుని రోజుకు వంద, మెల్లగా, సూటిగా మాస్కుకే కొట్టించుకో. గడ్డం దించు, కళ్లు తెరువు. మేడ మీద నవ్వినట్టు నవ్వు. నాలుగు రోజుల్లో నీ శరీరానికే గుర్తొస్తుంది.

కోచ్ సార్‌కు ఫోన్ చేయబోయి నాలుగుసార్లు కట్ చేశాను. ఆయన గొంతు వింటే మళ్లీ అబద్ధమే నోట్లోంచి వస్తుందేమోనని. అందుకే ఆయనకు హిందీలో వేరే ఉత్తరం రాశాను. జరిగింది జరిగినట్టు, నా సంతకంతో. మా హాస్టల్‌లో ఉండే నవీన్ వాళ్ల అన్న మిలటరీలో ఉన్నాడు, సెలవు అయిపోయి రేపు లేహ్ విమానం ఎక్కుతున్నాడు. రెండు ఉత్తరాలూ అతనే తెచ్చి నీ చేతికిస్తాడు. కోచ్ సార్ కవరు అంటించలేదు. ముందు నువ్వు చదివి, ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొచ్చినట్టు అనిపిస్తే ఆ ముక్క కొట్టేసి ఇవ్వు.

ఆదివారం నీ పది నిమిషాలూ అమ్మతోనే మాట్లాడతానన్నా సరే. నాకు ఒక్క నిమిషం మిగిలితే తిట్టు, వింటాను.

ఇట్లు,
భుజానికి ఏమీ కాని మీ నాన్న,
గోవర్ధన్