దిద్దని బొమ్మ

నాన్నా, ఒంట్లో బాగానే ఉంది గానీ బొమ్మల టీచరు ట్రైనింగులో పాఠం చెప్పే పరీక్ష తప్పాను.

నిన్న మా మేడమ్ వెనక బెంచీలో కూర్చుని నా క్లాసు చూశారు. ఒక పాప గుర్రానికి అయిదు కాళ్లు వేసింది. నా చెయ్యి ఊరుకోలేదు. రబ్బరు తీసుకుని ఒక కాలు చెరిపి, మిగతావి చక్కగా దిద్దాను. "అది పరిగెత్తే కాలు టీచర్. ఇంక ఈ బొమ్మ మీదే" అని కాగితం నా వైపు తోసేసింది. గంట కొట్టేదాకా పెన్సిలు ముట్టుకోలేదు.

"పిల్లల బొమ్మ మీద నీ చెయ్యేంటమ్మా?" అన్నారు మేడమ్. వచ్చే శుక్రవారం మళ్లీ చూస్తారు. అదీ పోతే ఏడాదంతా గంగపాలే.

అమ్మ మోకాలు ఎలా ఉంది? నువ్వు షాపుల బోర్డులు రాస్తుంటే నిచ్చెన ఎవరైనా పట్టుకుంటున్నారా? నా రంగులు ముట్టుకుంటే ఊరుకోనని చెల్లికి చెప్పు, నా తరఫున ముద్దు కూడా పెట్టు.

అటక మీది రేకు పెట్టెలో నా చిన్నప్పటి బొమ్మలున్నాయి. అన్నీ నువ్వు పక్కన కూర్చుని దిద్దినవే. వెతికి, నువ్వు దిద్దనిది ఒక్కటి దొరికితే గురువారంలోగా అందేలా పంపు, శుక్రవారం క్లాసులో ఎదురుగా పెట్టుకుంటాను. వంకరగా ఉన్నా సరే.

నీ పెద్దమ్మాయి